జాలి తలుపు

బురేలా రేవులో వలలు బాగుచేస్తాను నేను.
తెగిన కన్ను ఎక్కడుందో
నా చూపుకన్నా ముందు బొటనవేలికి తెలుస్తుంది.

మా తమ్ముడు అమారో
కొట్టుగదిలోంచి ఆ పాత అల్మరాని ఈడ్చుకొచ్చిన రోజు వాన.
(ఇక్కడ వాన లేని రోజులు చెప్పడమే తేలిక.)

ఫ్రిజ్‌లు రాని కాలంలో
ఉత్తరపు కిటికీ పక్కన గోడకి వేలాడింది అది.
చెస్ట్‌నట్ చెక్క, మూడు అరలు,
తలుపుకి చెక్క బదులు జాలి.
ఈగ రాకూడదు, గాలి ఆగకూడదు.
చేసిన వడ్రంగికి తెలిసిన శాస్త్రం అంతే.
"వీటికీ కావలసింది అదేగా" అంటూ
సంచీలోంచి నాలుగు యంత్రాలు తీశాడు,
మూతపడిన బ్యాంకు వేలంలో కొన్నవి,
ఒక్కోటీ నాలుగు సార్డీన్ డబ్బాలు పేర్చినంత.

పై అరలో రెండు, నడిమి అరలో రెండు.
అడుగున డిస్కులు.
పంది తొడ వేలాడిన కొక్కేనికి స్విచ్చి.
వెనకచెక్కకి రంధ్రం కోస్తుంటే
నా పళ్ళు జివ్వుమన్నాయి.
"నాలుగూ కలిస్తే ఒక్కటే, అక్కా.
ఒకటి పడిపోతే దాని పని మిగతావి అందుకుంటాయి."
పడవ మీద బతికినవాళ్ళకి
ఇది ఒకరు చెప్పాలా? పైకి అనలేదు.

ఏం దాస్తావురా ఇందులో?
ఇంజన్ల చప్పుళ్ళట.
పదకొండేళ్ళుగా తాను విప్పి బిగించిన ప్రతి పడవ ఇంజనూ
నయమయ్యాక ఎలా పలికిందో.
మళ్ళీ జబ్బుతో వస్తే పక్కపక్కన పెట్టి వింటాడట.

దీపాలు కనబడాలని
తలుపుకి అద్దం వేస్తానన్నాడు.
నేను ఒప్పుకోలేదు.
జాలి లేని తలుపు వెనక ఏదీ బతకదు.

మూడో యంత్రం రోజూ వేకువజామున ఆగిపోయేది.
తెల్లటి అక్షరాల చిట్టాలు చదువుతూ మూడు రాత్రులు కూర్చున్నాడు,
తిట్లు అయిపోయి కొత్తవి కల్పించుకుంటూ.
నాలుగో రాత్రి నేను కాఫీకి లేచి
జాలి మూలన వేలు పెట్టాను.
అక్కడ ఒక కన్ను తెగి ఉంది, వేలు పట్టేంత.
వెచ్చదనానికి పిల్లి ఆనుకుని పడుకునే చోటు అది.
ఫ్యాను విప్పితే
గుప్పెడు బూడిదరంగు బొచ్చు.

వల సూది తెచ్చాను. సన్న నైలాను పట్టలేదు,
తీగతోనే అల్లాను.
చేయి ఆడుతుండగానే తీగల గుత్తి మీదికి పోయింది.
వాడు ప్లాస్టిక్ పట్టీలతో పీకలు నులిమి పెట్టాడు,
అన్నీ కోసేశాను.
లేచొచ్చి గొంతు చించుకున్నాడు.
ఒక్క కొస లాగు, అన్నాను.
లాగాడు. నీలం తీగ ఒక్కటే జారి వచ్చింది,
మిగతా పదిహేడూ కదల్లేదు.
ముడి వేయడం ఎవరికైనా వస్తుంది,
విప్పేవాణ్ణి తలుచుకుని వేయాలి.
అది మా రేవులో ఆరేళ్ళ పిల్లకి నేర్పే సంగతి.

ఆ వారమే తుఫాను. ఊరంతా కరెంటు పోయింది.
ఫ్యాన్ల గొణుగుడు ఆగాక తెలిసింది
నెలరోజులుగా దాన్ని వింటూనే నిద్రపోతున్నానని.
తెల్లవారి దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి,
మూడోది చివర, బద్ధకంగా.

ఇప్పుడు అమారో
ఫోనులో చూసి చెబుతాడు: అరవై ఒక్క డిగ్రీలు.
నాకు ఫోను అక్కర్లేదు.
నాలుగూ గట్టిగా పనిలో పడితే చెక్క వేడెక్కుతుంది,
ఏ కాలం నాటిదో, పొగబెట్టిన చీజ్ వాసన
జాలిలోంచి వంటింట్లోకి వస్తుంది.
నిన్న రాత్రి మరీ ఘాటుగా వచ్చింది.
ఏ పడవ ఇంజనో వింటున్నాడు,
నేను రొట్టె కోసుకున్నాను.